తూటా వేగము – భూమ్యాకర్షణ

సెకనుకు 900 మీటర్ల వేగముతో వెలువడిన గుండునకు, గాలి నిరోధమును లెక్కింపకున్నను, 300 మీటర్లు పోవుటకు సెకనులో మూడవవంతు పట్టును. అంతలో భూమ్యాకర్షణవలన అది 54 సెంటీమీటర్లు దిగును. ఈ దిగుడు తగ్గించుటకై కొందరు వేటగాండ్రు పెద్ద తూటాయొక్క ఇత్తడి గుల్లను తీసికొని, దాని మెడను నొక్కి, చిన్న గుండు నమర్చి, మందును స్వయముగా నింపుకొందురు. అమెరికాలో ఇట్లు పుట్టిన .22-250 తూటాను 1965లో రెమింగ్టన్ కంపెనీ తయారుచేయ నారంభించినది. మందు మితిమీరినచో పీడనము పెరిగి తుపాకియే పగులవచ్చును.

మన దేశమున 1972 నాటి చట్టము వేటను అదుపుచేయగా, 1991 నాటి సవరణ దాదాపు పూర్తిగా మాన్పినది. మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల అంచున పంటను పాడుచేయు అడవిపందిని కాల్చుటకైనను అనుమతి కావలెను. గురి తప్పిన గుండు కిలోమీటర్ల దూరము పోగలదు. కావున జనగామవంటి మైదానమున, తూటా వేగముకంటె గురివెనుక మట్టికట్ట యున్నదా, పల్లె యున్నదా అనునదే ముందు చూడవలసినది.