ఆవు ఎదకు వచ్చుట : అండాశయములో జరుగు పని

ఈనిన ఆవు నాలుగు మాసములైనను ఎదకు రాకున్న యెడల, దానిని గొడ్డుటావని తలచి సంతకు తోలుట కద్దు. మరికొందఱు వెంటనే ఎదసూది వేయింతురు. ఈ రెంటికిని ముందు ఆవు అండాశయములో జరుగు పనిని తెలిసికొనుట రైతునకు లాభకరము.

పెయ్యదూడ పుట్టునాటికే దాని అండాశయములలో లక్షకు పైగా అండపుటికలు, అనగా గ్రుడ్డును లోపల నుంచుకొనిన చిన్న తిత్తులు, ఉండును. వీనిలో గ్రుడ్డును విడుచునవి బహు కొద్ది. తక్కినవన్నియు నడుమనే నశించును. మెదడు క్రింద నుండు పిట్యూటరీ గ్రంథి పంపు హార్మోనువలన కొన్ని పుటికలు గుంపుగా పెరుగును. వానిలో ఒకటి ముందుకు సాగగనే ఆ హార్మోను తగ్గి, వెనుకబడినవి చచ్చిపోవును.

ఎద ముగిసిన పది పండ్రెండు గంటలకు గ్రుడ్డు విడుదల యగును. పుటిక యున్నచోట పసుపుపచ్చని ముద్ద యొకటి ఏర్పడును. వైద్యులు దీనిని కార్పస్ లూటియమందురు. ఈ పచ్చముద్ద ప్రొజెస్టిరోను అను హార్మోనును స్రవించి, గర్భాశయమును చూలునకు సిద్ధపరచును. అది యున్నంతవఱకు మరల ఎద రాదు.

చూలు కట్టనిచో సుమారు 16, 17వ దినములలో గర్భాశయపు లోపొర ప్రోస్టాగ్లాండిను అను పదార్థమును పంపును. దానిచే పచ్చముద్దకు రక్తము తగ్గి, దాని కణములు ఒక క్రమమున తమంతట తామే నశించును. ఈ ఆజ్ఞ గర్భాశయమునుండియే వచ్చుననుటకు 1923లో లియో లోబ్ దారి చూపెను: ఆయన గినీపందుల గర్భాశయమును తీసివేయగా పచ్చముద్దలు నశింపక నిలిచెను. ఇట్టి క్రమమైన కణముల చావునకు 1972లో కెర్, వైలీ, కర్రీ యను శాస్త్రజ్ఞులు అపోప్టోసిస్ అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో దానికి ఆకు రాలుటయని భావము. పుండుపడి కుళ్లుట వేరు, పండుటాకు రాలుట వేరు.

ముద్ద నశింపగా ప్రొజెస్టిరోను తగ్గి, సుమారు 21వ దినమున ఆవు మరల ఎదకు వచ్చును. చూలు కట్టినచో పిండము ఇంటర్‌ఫెరాన్ టౌ అను పదార్థమును పంపి ఆ ఆజ్ఞను ఆపును; ముద్ద బ్రదుకును, చూలు నిలుచును.

కాబట్టి ఎదకు రాని ఆవులన్నియు ఒకతీరువి కావు. ఆవు చూడిదై యుండవచ్చును. గర్భాశయమున చీము పట్టుటచే పచ్చముద్ద నశింపక యుండవచ్చును. మేత చాలక చిక్కిన ఆవులో పుటికలు పెరిగినను గ్రుడ్డును విడువకయే నశించును. అప్పుడు ముద్దయే యుండదు గనుక దానిని చంపు మందు పనిచేయదు, మేతయే మందు. రాత్రివేళ ఎద వచ్చి పోగా మనము చూడకపోవుటయు కలదు.

పశువైద్యులు నేడు ప్రోస్టాగ్లాండినును సూదిమందుగా ఇచ్చుచున్నారు. ముద్ద పక్వమై యున్నచో ఆవు రెండు మొదలు ఐదు దినములలో ఎదకు వచ్చును. ఎద అయిన తరువాత మొదటి ఐదు దినములలో ముద్ద ఈ మందునకు లొంగదు. చూడి ఆవునకు వేసినచో ముద్ద నశించి ఆవు ఈచుకపోవును. దూడయు, రాబోవు పాడియు రెండును నష్టము. ఈ మందు చర్మముగుండ లోనికి పోగలదు గనుక గర్భిణీస్త్రీలును, ఉబ్బసము గలవారును దానిని తాకరాదు.

రైతు సోదరులు చేయవలసినది స్వల్పము. ఉదయము, సాయంకాలము, రాత్రి పండుకొనబోవు ముందు ఆవును చూడవలెను. ఉదయము ఎద కనబడిన సాయంకాలమును, సాయంకాలము కనబడిన మరునాటి ఉదయమును సూది వేయించి చూలు కట్టింపవలెను. ఆ తేదీని గోడమీదనైనను వ్రాసి, 18వ దినము మొదలు 24వ దినమువఱకు కనిపెట్టి యుండవలెను. మరల ఎదకు రానిచో రెండు మూడు మాసములలో వైద్యునిచే చూలు పరీక్ష చేయింపవలెను. తేదీ చెప్పకయు, పరీక్ష చేయింపకయు ఎదసూది వేయుమని ఎవ్వరును అడుగరాదు.