ప్రాగ్‌లో నాన్న చిల్లర లెక్క

నాన్న రాజమండ్రి డిపోలో 31 ఏళ్లు ఆర్టీసీ కండక్టర్‌గా చేశారు. చిల్లర లేకపోతే టికెట్ వెనక బాకీ రాసిచ్చి, ప్రయాణికుడు మరిచిపోయినా దిగే ముందు పిలిచి మరీ ఇచ్చేవారు. సాయంత్రం డిపోలో డబ్బు కట్టేటప్పుడు ఒక్క రూపాయి తేడా వచ్చినా ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. అలాంటి మనిషి 2024 వేసవిలో ప్రాగ్ నగరం నడిబొడ్డున, చేతిలో నోట్లు పట్టుకుని మూడోసారి లెక్కపెడుతూ నిలబడిపోయారు.

మేం లండన్ దగ్గర స్లౌలో ఉంటాం. అమ్మానాన్న మొదటిసారి మా ఇంటికి వచ్చారు. బ్రిటన్ వీసాతో పాటు యూరప్ వీసా కూడా అక్కడే తీసుకుని రావడంతో, పిల్లల సెలవుల్లో నాలుగు రోజులు ప్రాగ్ వెళ్లాం. చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్నా అక్కడ యూరో కాదు, కొరునా నడుస్తుంది. ‘అన్నిచోట్లా కార్డు గీకితే చాలు, నోట్లు ఎందుకు’ అని మేం ఒక్క కొరునా కూడా వెంట తీసుకెళ్లలేదు.

నాన్న ఆలోచన వేరు. కూతురి ఇంట్లో ఉంటున్నాం, టికెట్లు అల్లుడే కొన్నాడు, హోటల్ అల్లుడే కట్టాడు. ఒక్క పూటైనా తన డబ్బుతో అందరికీ భోజనం పెట్టించాలని, మనవరాలికి ఏదైనా కొనివ్వాలని ఆయన పట్టుదల. అందుకే పింఛను డబ్బులో దాచుకున్న దాంతో ఊళ్లోనే 300 పౌండ్లు కొని, బనియన్ జేబులో పెట్టుకుని తెచ్చారు. ఈ సంగతి మాకెవరికీ తెలియదు.

బోర్డు మీద పెద్దంకె

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో 1410 నాటి గడియారం ఉంది. గంట కొట్టినప్పుడల్లా బొమ్మలు కదిలి వస్తాయి. మేం పిల్లలతో అది చూస్తూ ఉండగా నాన్న పక్క వీధిలోకి వెళ్లారు. అక్కడ డబ్బు మార్చే దుకాణం. ‘కమీషన్ సున్నా’ అని పెద్ద అక్షరాలు. పౌండ్ గుర్తు పక్కన 29 అని అంకె. అప్పుడు మార్కెట్లో పౌండుకు సుమారు 29 కొరునాలే కాబట్టి ధర న్యాయంగానే ఉందనుకున్నారు. 300 పౌండ్లు ఇచ్చారు. 8,700 కొరునాలు రావాలి. వచ్చినవి 6,300.

జరిగింది ఇదీ. ఆ 29 వాళ్లు పౌండ్లు అమ్మే ధర. మన దగ్గర కొనే ధర 21. అది కిందెక్కడో చిన్న అంకెల్లో ఉంది. కమీషన్ సున్నా అన్నది అబద్ధం కాదు. తీసుకోవాల్సిందంతా ఆ ధరలోనే తీసేసుకున్నారు. పోయింది 2,400 కొరునాలు. అంటే 80 పౌండ్ల పైమాటే, మన లెక్కలో ఎనిమిది వేల రూపాయలు దాటింది.

మధ్యాహ్నం హోటల్ గదిలో నాన్న అన్నం ముట్టలేదు. ఎంత అడిగినా ‘ఆకలి లేదమ్మా’ అన్నారు. చివరికి అమ్మ చెప్పింది.

‘‘పోతే పోనివ్వండి మావయ్యగారూ, ఇలాంటివి మాకూ జరిగాయి’’ అన్నారు మావారు. ఆ మాటతో ఆయన ఇంకా ముడుచుకుపోయారు. డబ్బు పోయినందుకు కాదు, జీవితమంతా చిల్లర లెక్క చూసిన చేత్తో ఇలా జరిగినందుకు.

మూడు గంటల గడువు

తాగునీళ్ల కోసం కిందికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయితో మాటల్లో ఈ సంగతి చెప్పాను. ఆమె వెంటనే అడిగింది: ‘‘రసీదు ఉందా? ఎన్ని గంటలైంది?’’

చెక్ దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ఒక చట్టం అమల్లో ఉందట. దుకాణంలో డబ్బు మార్చుకున్న మూడు గంటల్లోపు వెనక్కి వెళ్లి, ఆ లావాదేవీ రద్దు చేయమని అడగొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. వెయ్యి యూరోల విలువ వరకు ఇది వర్తిస్తుంది. మన నోట్లు మనకు ఇచ్చేయాలి. పర్యాటకులు ఇలా నష్టపోతున్నారనే ఆ చట్టం తెచ్చారు. ఈ దుకాణాలపై పర్యవేక్షణ ఆ దేశ కేంద్ర బ్యాంకుది.

గదికి పరుగెత్తి నాన్నను రసీదు అడిగాను. చొక్కా జేబులోంచి మడత నలగకుండా తీశారు. ‘‘టికెట్ పారేసినవాడే చెకింగ్‌కి దొరుకుతాడమ్మా’’ అన్నారు. దాని మీద సమయం 12:10. అప్పుడు 1:50 అయింది. నాన్న, నేను ఇద్దరమే బయల్దేరాం.

కౌంటర్ దగ్గర గొడవ అవుతుందని భయపడ్డాను. రసీదు పెట్టి, చట్టం ప్రకారం రద్దు చేయమన్నాను. అతను ఒక్క మాట మాట్లాడలేదు. 6,300 కొరునాలు లెక్కపెట్టి తీసుకున్నాడు, 300 పౌండ్లు ఇచ్చాడు. నాన్న కిటికీ ముందే నిలబడి నోటు నోటూ లెక్కపెట్టారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఆగారు. ఈసారి ఆయన తొందరపడలేదు.

యంత్రం అడిగే ప్రశ్న

ఇప్పుడు కొరునాలు ఎలా? రోడ్డు మీద ‘మంచి రేటు ఇస్తాం’ అని పలకరించేవాళ్లు ఉంటారు. వాళ్ల జోలికి అసలు వెళ్లకూడదు. చెల్లని వేరే దేశపు నోట్లు చేతిలో పెట్టి పోతుంటారు.

సావనీర్ షాపు పక్కనే ఉన్న ఏటీఎంలో నా కార్డు పెట్టి 4,000 కొరునాలు అడిగాను. తెర మీద ప్రశ్న: ‘మీ ఖాతా నుంచి 156 పౌండ్లు తీసుకుంటాం, అంగీకరిస్తారా?’ చూడటానికి మేలు చేస్తున్నట్టే ఉంటుంది, మన డబ్బులోనే లెక్క చెబుతోంది కదా అని. కానీ ఆ మార్పిడి ధర ఏటీఎం వాళ్లు పెట్టుకున్నది. వద్దని నొక్కి బయటికొచ్చాం. బ్యాంకు భవనం గోడలోనే ఉన్న ఏటీఎంకి వెళ్లి, మార్పిడి లేకుండా కొరునాల్లోనే తీసుకుంటానని నొక్కాను. ఫోన్‌కి సందేశం వచ్చింది: 138 పౌండ్లు. ఒకే వీధిలో రెండు యంత్రాల మధ్య 18 పౌండ్ల తేడా.

మనం ఏం చేయొచ్చు?

ప్రయాణానికి ముందే మీ కార్డుకు విదేశీ లావాదేవీ రుసుము ఉందో లేదో చూసుకోండి. చాలా కార్డులు మూడు శాతం దాకా వేస్తాయి, అసలు వేయనివీ ఉన్నాయి. కొన్ని కార్డులు శని, ఆదివారాల్లో కాస్త ఎక్కువ తీసుకుంటాయి. క్రెడిట్ కార్డుతో నగదు తీయకండి, సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. తప్పనిసరిగా నోట్లే మార్చాల్సి వస్తే బోర్డు చూడకుండా ఒకటే అడగండి: ‘ఇన్ని పౌండ్లు ఇస్తే నా చేతికి ఎన్ని వస్తాయి?’ కాగితం మీద రాయించుకున్నాకే నోట్లు ఇవ్వండి. విమానాశ్రయం కౌంటర్లలో అవసరానికి మించి మార్చకండి.

ఇండియా వెళ్లినా ఇదే సూత్రం. అక్కడి ఏటీఎం గానీ, దుకాణంలో కార్డు యంత్రం గానీ పౌండ్లా, డాలర్లా, రూపాయలా అని అడిగితే రూపాయలే అనండి. ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఉంటే బ్రిటన్, అమెరికా, యూఏఈ, సింగపూర్ వంటి దేశాల ఫోన్ నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలుంది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. 5,000 డాలర్ల విలువకు మించి విదేశీ నోట్లు వెంట తీసుకెళ్తే అక్కడి కస్టమ్స్‌కు చెప్పాలి.

అమ్మానాన్న వస్తుంటే ఇంకో మాట. ‘డబ్బులేమీ తేవద్దు, అన్నీ మేం చూసుకుంటాం’ అని మనం ప్రేమతోనే అంటాం. నాన్నకు ఆ మాట ఎలా వినిపించిందో నాకు ప్రాగ్‌లో గానీ తెలియలేదు. ఖర్చు పెట్టాలని వాళ్లకూ ఉంటుంది. ఎంత తెస్తున్నారో, ఎక్కడ మార్చాలో ముందే కూర్చుని మాట్లాడుకుంటే సరిపోయేది.

ఏటీఎం దగ్గర నాన్న 140 పౌండ్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. ‘‘నీ ఖాతాలోంచి తీశావుగా, ఇవి నీవి. ఆ కొరునాలు నావి’’ అన్నారు. ఆ రాత్రి నది ఒడ్డున అందరి భోజనానికీ ఆయనే డబ్బు కట్టారు. మావారు పర్సు తీయబోతే ఒక్క చూపు చూశారు, అంతే.

నేను ఆయనకు రెండు పౌండ్లు తిరిగి ఇవ్వాలి. నా దగ్గర చిల్లర లేదు. ఏటీఎం స్లిప్పు నా ముందు పెట్టి, ‘‘వెనక రాయమ్మా’’ అన్నారు. రాసి సంతకం పెట్టాను. స్లౌ చేరిన మర్నాడు పొద్దున్నే, కాఫీకి ముందే, ఆ స్లిప్పు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.