స్టేజీ మీద అందరూ ‘మాజీ’లే!

వాట్సాప్‌లో వచ్చిన ఆ ఫ్లయర్ చూసి ముందు మ్యారేజ్ బ్యూరో ప్రకటన అనుకున్నా. ఆరుగురి ఫొటోలు. అందరూ ఫుల్లుగా తయారై ఉన్నారు. ఒక్కొక్కరి పేరు కింద పెద్ద అక్షరాల్లో ఒక గుర్తింపు. మాజీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్. డాక్టర్. మాజీ లెక్చరర్. ఒకప్పటి ఆటో డ్రైవర్. ‘వంటింటి నుంచి వేదిక దాకా’ అని ఒక గృహిణి. కింద ‘మెగా బిజినెస్ కాన్ఫరెన్స్, ఎంట్రీ టికెట్ 500 రూపాయలు’ అని ఉంది.

పంపింది మా బాబాయి కొడుకు. ఇరవై మూడేళ్లు. బీటెక్ అయి ఏడాది దాటింది. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోర్సుల మీద కోర్సులు చేస్తున్నాడు. ‘‘అక్కా, ఒక్క ఆదివారం నా కోసం ఇవ్వు. స్పీకర్స్ ప్రొఫైల్స్ చూడు, మామూలోళ్లు కాదు’’ అన్నాడు.

నేను హెచ్‌ఆర్‌లో పని చేస్తా. రోజూ నలభై, యాభై రెజ్యూమెలు చదవాలి. అలవాటు కొద్దీ కళ్లు కొన్ని విషయాలే వెతుకుతాయి. ఏ కంపెనీ, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎందుకు మానేశారు, ఇప్పుడేం చేస్తున్నారు? ఆ ఫ్లయర్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అందుకే వెళ్లా.

నేనూ మీలాగే..!

ఎల్‌బీ నగర్ వైపు ఒక ఫంక్షన్ హాల్. పొద్దున తొమ్మిదిన్నరకే కుర్చీలు నిండిపోయాయి. హీరో ఎంట్రీ పాటలు, రంగుల లైట్లు, ప్రతి పది నిమిషాలకూ చప్పట్లు. ఒక్కో స్పీకర్ వచ్చే ముందు యాంకర్ వాళ్ల ‘పాత జీవితం’ చదివేది.

సాఫ్ట్‌వేర్ ఆయన లక్ష జీతం, మేనేజర్ తిట్లు, ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. ‘ఒకరోజు ఐడీ కార్డు టేబుల్ మీద పడేసి వచ్చేశా’ అనగానే హాల్ హోరెత్తింది. బ్యాంక్ మేనేజర్ ‘జీవితమంతా ఊళ్లోవాళ్ల డబ్బు లెక్కపెట్టా, ఇప్పుడు నా డబ్బు లెక్కపెట్టుకుంటున్నా’ అన్నాడు. డాక్టర్ గారు ప్రోటీన్ పొడి డబ్బా పైకెత్తి చూపించారు. ఆయన ఏం చదివారో, ఎక్కడ ప్రాక్టీస్ చేశారో ఎవరూ చెప్పలేదు. ఆటో డ్రైవర్ ఏడ్చాడు. ముందు వరసల్లో చాలామంది ఏడ్చారు.

నేను స్టేజీ వదిలేసి హాల్ వైపు చూడటం మొదలుపెట్టా. అప్పుడు తెలిసింది, ఆ ఆరుగురిని ఊరికే ఎంచలేదు. ఉద్యోగం దొరకని ఇంజినీర్లు, రిటైరై పీఎఫ్ డబ్బు చేతిలో ఉన్న పెద్దవాళ్లు, నర్సింగ్ చేసిన అమ్మాయిలు, ప్రైవేటు టీచర్లు, డ్రైవర్లు, గృహిణులు.. కింద ఎవరున్నారో పైన కూడా వాళ్లే. ఒక్కో వర్గానికి ఒక్కో స్పీకర్.

ఆ పాత ఉద్యోగాలు ఒక్కొక్కటి ఒక్కో పని చేస్తున్నాయి. డాక్టర్ అన్న మాట డబ్బాలోని పొడికి నమ్మకం తెస్తుంది. బ్యాంక్ మేనేజర్ అన్న మాట లెక్కలు సరిగ్గానే ఉంటాయన్న ధీమా ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాట, జాబ్ రాకపోయినా పర్లేదు, వచ్చినవాళ్లే వదిలేస్తున్నారని చెబుతుంది. ఆటో డ్రైవర్ కథ వింటే, ఆయనకే వచ్చినప్పుడు నాకెందుకు రాదు అనిపిస్తుంది. అంటే అక్కడ అమ్ముతున్న మొదటి సరుకు ఆ ‘మాజీ’యే. పొడి డబ్బా రెండోది.

టీ బ్రేక్‌లో దొరికిన జవాబు

ఉప్మా ప్లేటుతో పక్కన నిలబడ్డ మాజీ లెక్చరర్‌ను పలకరించా. నెమ్మదస్తుడు. మొహమాటం లేకుండా అడిగేశా. ‘‘సార్, మీకు నెలకు వచ్చేదాంట్లో సరుకు అమ్మితే వచ్చేదెంత, మిగతాది ఎక్కణ్నుంచి?’’

ఆయన నవ్వారు. ‘‘మేడమ్, సరుకు అమ్మితే ఇల్లు గడుస్తుందా? టీమ్ పెరగాలి. మీటింగ్ లేకపోతే టీమ్ నిలవదు.’’ కాసేపాగి, ‘‘టికెట్లలో కూడా మాకు కొంత ఉంటుంది’’ అన్నారు.

కాలేజీ ఎందుకు వదిలేశారని అడిగితే మాత్రం స్టేజీ మీద చెప్పింది చెప్పలేదు. ‘‘ఆరు నెలలు జీతం ఇవ్వలేదమ్మా. ఇప్పుడు తిరిగి వెళ్దామన్నా ఆ కాలేజీ లేదు.’’ ఆయన్ని మోసగాడు అనడానికి నాకు నోరు రాలేదు. కానీ స్టేజీ మీద ‘ఉద్యోగాన్ని తన్నేసి వచ్చా’ అన్న మనిషి, కింద ‘జీతం రాక వచ్చా’ అన్నారు. రెజ్యూమెలో ఇలాంటి తేడా కనిపిస్తే మేము రెండో రౌండ్‌కి పిలవం.

అసలు వాళ్ల రెజ్యూమె ఏంటి?

ఇంటికొచ్చాక ఈ వ్యాపారాన్ని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్ల నేపథ్యాలు చూశా. 1886లో అమెరికాలో ఏవన్‌కు పునాది వేసిన డేవిడ్ మెకానెల్ అంతకుముందు ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. ఆమ్వే పెట్టిన రిచ్ డివోస్, జే వాన్ యాండల్ 1949 నుంచి న్యూట్రిలైట్ విటమిన్లు అమ్మారు, పదేళ్ల తర్వాతే సొంత కంపెనీ పెట్టారు. మేరీ కే యాష్ ఏళ్ల తరబడి డైరెక్ట్ సేల్స్‌లోనే పని చేసింది. తాను ట్రైనింగ్ ఇచ్చిన మగవాడికి తనకంటే పై పదవి ఇచ్చారని బయటికొచ్చి 1963లో తన కంపెనీ మొదలుపెట్టింది.

నన్ను ఎక్కువ ఆపింది బ్రౌనీ వైజ్ కథ. సెక్రటరీగా పని చేస్తూ ఒంటరిగా కొడుకుని పెంచిన ఆవిడ. ఇళ్లలో పార్టీలు పెట్టి టప్పర్‌వేర్ డబ్బాలు అమ్మే పద్ధతిని అమెరికా అంతా పాకించింది. 1954లో బిజినెస్ వీక్ కవర్ మీదకి ఎక్కిన తొలి మహిళ. నాలుగేళ్లు తిరక్కుండానే 1958లో కంపెనీ ఆమెను బయటికి పంపేసింది. కంపెనీలో ఆమెకు వాటా కూడా లేదు. స్టేజీ మీద ఎంత మెరిసినా కంపెనీ ఎవరి చేతిలో ఉందన్నది వేరే సంగతి.

వీళ్లందరి రెజ్యూమెల్లో ఉన్నది ఒకటే: సేల్స్. గుమ్మం గుమ్మం ఎక్కి సరుకు అమ్మడం వాళ్ల వృత్తి. దాన్ని దాచుకోలేదు కూడా. నేను చూసిన స్టేజీ మీద ఆరుగురిలో ఒక్కరూ ‘నేను సేల్స్‌మన్‌ని’ అనలేదు.

ఇదే రంగంలో ఇంకో రకం సదస్సులూ జరుగుతాయి. ఇండస్ట్రీ సంఘాలు పెట్టేవి. అక్కడ మైకు పట్టుకునేది కంపెనీల సీఈఓలు, లాయర్లు, పన్నుల నిపుణులు, వినియోగదారుల వ్యవహారాల శాఖ అధికారులు. వాళ్ల పేర్ల కింద ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం ఉంటుంది. మాట్లాడేది రూల్స్, రిఫండ్లు, ఫిర్యాదుల గురించి. ఆ సదస్సుకి మనల్ని ఎవరూ ఫ్లయర్ పంపి పిలవరు. మనకొచ్చేది ఫంక్షన్ హాల్ ఆహ్వానమే.

క్యాలిక్యులేటర్ తీయండి

ఇండస్ట్రీ వాళ్ల లెక్కే తీసుకుందాం. ఇండియన్ డైరెక్ట్ సెల్లింగ్ అసోసియేషన్ సర్వే ప్రకారం 2022-23లో దేశంలో ఈ రంగం టర్నోవర్ 21 వేల కోట్ల రూపాయలకు పైనే. అమ్మేవాళ్లు సుమారు 86 లక్షల మంది. భాగించి చూడండి. ఒక్కొక్కరికి ఏడాదికి దాదాపు 25 వేలు. నెలకు రెండు వేల చిల్లర.

ఇది ఆదాయం కాదు, అమ్మకం! మనకు మిగిలేది అందులో కమీషన్ మాత్రమే. పైగా ఇది సగటు. పైన కొందరు లక్షల్లో తిప్పుతున్నారంటే కింద చాలామంది ఈ సగటు కూడా అందుకోనట్టే.

అమెరికాలోనూ ఇదే కథ. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 70 కంపెనీలు స్వయంగా ప్రకటించిన ఆదాయ వివరాలు పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చింది. ఎక్కువమందికి ఏడాది మొత్తానికి వచ్చింది వెయ్యి డాలర్లు, లేదా అంతకంటే తక్కువ. అంటే నెలకు 84 డాలర్ల లోపే. ఆ వివరాల్లో చాలావాటిలో ఖర్చులు కూడా తీసేయలేదు.

అలాగని డైరెక్ట్ సెల్లింగ్ అంటేనే మోసం అని కాదు. చట్టం దాన్ని వ్యాపారంగా గుర్తించింది. కాలనీలో నలుగురికి క్రీములు, డబ్బాలు అమ్మి ఇంటి ఖర్చులకు కొంత సంపాదించుకునే ఆంటీలు మనకు తెలుసు. వాళ్లు స్టేజీ ఎక్కరు. ఎక్కినా ఎవరూ ఈల వేయరు.

మెట్రోలో బయటపడ్డ ‘ఫ్లయర్’

ఆ రోజు సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో ఇద్దరం మెట్రో ఎక్కాం. మలక్‌పేట వచ్చేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. వచ్చే నెల మీటింగ్ ఫ్లయర్. చివరి వరసలో మా వాడు! అరువు కోటు. పేరు కింద ‘మాజీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’.

‘‘నువ్వు జాబ్ ఎప్పుడు చేశావురా?’’

‘‘ఇంటర్న్‌షిప్ ఉంది కదక్కా, రెండు నెలలు. అప్‌లైన్ సార్ అలాగే పెట్టమన్నారు. మూడు నిమిషాలు మాట్లాడాలి.’’

స్టేజీ మీద మాజీలు ఎలా పుడతారో నాకు అప్పుడర్థమైంది. అమీర్‌పేట వచ్చేలోపు మిగతాదీ చెప్పాడు. జాయినింగ్ పేరుతో 18,500 కట్టాడు. పిన్ని చిట్టీ ఎత్తి ఇచ్చిన డబ్బు. పంపింది కంపెనీ ఖాతాకి కాదు, అప్‌లైన్ ఫోన్‌పే నంబర్‌కి. హాస్టల్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా తన కింద చేర్చాడు.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ వాణ్ని తిట్టి లాభం లేదు. రాత్రి కూర్చుని రూల్స్ చదివాం.

చట్టం ఏమంటోంది?

తెలుగు నేలకు ఈ గొడవ కొత్త కాదు. 2007లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే స్కీమ్ 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కిందకి వస్తుందని చెప్పింది. 2019లో క్యూనెట్ కేసులో సైబరాబాద్ పోలీసులు కొందరు సినీ నటులకూ నోటీసులిచ్చారు.

2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. చేరడానికి ఫీజు వసూలు చేయకూడదు. మనుషుల్ని చేర్చినందుకు కమీషన్ ఇవ్వకూడదు. అమ్ముడుపోని మంచి సరుకుని కంపెనీ వెనక్కి తీసుకోవాలి. 2021 డిసెంబర్‌లో వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రత్యేకంగా నిబంధనలే వచ్చాయి. పిరమిడ్ స్కీములు, మనీ సర్క్యులేషన్ నిషేధం. ప్రతి కంపెనీకీ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 పని గంటల్లో చెప్పాలి, మామూలుగా నెలలో పరిష్కరించాలి.

కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాం. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, సీల్ తీయని డబ్బాల ఫొటోలు జత చేశాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాం. ఏడు వారాల తర్వాత 11,200 తిరిగొచ్చాయి. సీల్ తీసిన డబ్బాల డబ్బు పోయింది. ఆ ఫ్లయర్ నుంచి వాడి ఫొటో తీసేశారు.

మీకూ ఇలాంటి ఆహ్వానం వస్తే స్పీకర్‌ని ‘ఒకప్పుడు ఏం చేసేవారు’ అని అడగొద్దు. అది ఫ్లయర్ మీదే ఉంటుంది. ఏ కంపెనీలో, ఏ ఏడాది దాకా చేశారని అడగండి. కిందటి ఏడాది ఆదాయంలో కొత్తవాళ్ల జాయినింగ్‌ల నుంచి ఎంత, టికెట్ల నుంచి ఎంత, నెట్‌వర్క్‌లో లేని మామూలు కస్టమర్‌కి అమ్మిన దాంట్లోంచి ఎంత అని అడగండి. ఖర్చులు పోగా ఎంత మిగిలిందని అడగండి. డబ్బు ఎవరి ఖాతాకి వెళుతుందో చూడండి. జవాబుకి బదులు ‘నెగెటివ్‌గా ఆలోచించకు బ్రో’ అన్నారంటే ఇంక టీ తాగి వచ్చేయడమే.

మా వాడు ఇప్పుడు ఒక బ్యాక్ ఆఫీసులో చేరాడు. నెలకు 17 వేలు. తన కింద చేర్చిన ఇద్దరికీ నెలకింత చొప్పున డబ్బు తిరిగిస్తున్నాడు. ఒకడు తీసుకుని నవ్వేశాడు. ఇంకొకడు తీసుకుంటున్నాడు కానీ ఇంకా మాట్లాడటం లేదు.

మొన్న వేరే జాబ్‌కి అప్లై చేస్తూ రెజ్యూమె నాకు పంపాడు. అనుభవం దగ్గర ‘ఇంటర్న్, రెండు నెలలు’ అని, దాని కింద ఈ కొత్త ఉద్యోగం, చేరిన తేదీతో సహా రాసి ఉంది.

‘‘ఇంతేనా రాశావు?’’ అన్నా.

‘‘చేసింది అంతే కదక్కా’’ అన్నాడు.