కొమురం భీమ్ సినిమాకు మంచి డిస్క్ కావాలంటే జపాన్ దిక్కు చూడాలా?

'ఆర్‌ఆర్‌ఆర్' కథ మొదలయ్యేదే మన ఆదిలాబాద్ అడవుల్లో. జోడేఘాట్ గుట్టల్లో నిజాం మీద కొట్లాడిన కొమురం భీమ్ పేరుతో ఉన్న పాత్ర అందులో హీరో. మరి ఆ సినిమాను ఇంట్లో చూద్దామంటే? 2022 మే 20న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది హిందీ వెర్షన్. అంటే అక్కడ ఆదిలాబాద్ భీమ్ హిందీలో మాట్లాడతాడు. తెలుగు కావాలంటే జీ5. బ్లూ-రే డిస్క్ మాత్రం జపాన్‌లో వచ్చింది. అక్కడ థియేటర్లలో 2022 అక్టోబర్ 21న రిలీజైతే, తర్వాత డిస్క్ కూడా చేసి అమ్ముకున్నారు.

"ఇప్పుడు డిస్క్ ఎవరు చూస్తారు బ్రో" అంటారా? ఒక్క నిమిషం, లెక్క చూద్దాం.

నెట్‌ఫ్లిక్స్ 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఎంబీపీఎస్ స్పీడ్ ఉండాలని చెబుతుంది. మూడు గంటల సినిమాకు 5 ఎంబీపీఎస్ చొప్పున వేస్తే సుమారు 6.75 జీబీ. అదే సినిమాను రెండు లేయర్ల బ్లూ-రేలో పెడితే 50 జీబీ చోటు ఉంటది. అంటే సగటున 37 ఎంబీపీఎస్ దాకా వాడుకోవచ్చు. రెండూ 1080పీనే, రిజల్యూషన్ ఒకటే. కానీ ఏడు రెట్లు తేడా! స్ట్రీమింగ్‌లో కొత్త కోడెక్‌లు ఉంటాయి కాబట్టి తేడా కంటికి అంత పెద్దగా కనిపించదు, అది నిజమే. అయినా 'ఆర్‌ఆర్‌ఆర్'లో రామ్ ఒక్కడే వందల మంది గుంపులోకి దూకే సీన్ గుర్తు తెచ్చుకోండి. దుమ్ము, కదిలే మనుషులు, ప్రతి ఫ్రేమ్‌లో వేల కొత్త వివరాలు. ఎన్‌కోడర్‌కు చుక్కలు కనిపించేది ఇలాంటి చోటే. డేటా సరిపోకపోతే ముఖాలు అలుక్కుపోతాయి, దుమ్ము గళ్లుగళ్లుగా మారిపోతుంది. 32 అంగుళాల టీవీలో పట్టించుకోరు. 55 దాటితే తెలుస్తది.

ఇంత డేటా డిస్క్‌లో ఎట్లా పడుతుందంటే, అంతా లేజర్ మహిమ. డీవీడీది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. బ్లూ-రేది 405 నానోమీటర్లు, నీలం-ఊదా రంగు. తరంగం పొట్టిదైతే కిరణాన్ని ఇంకా సన్నని చుక్కగా ఫోకస్ చేయొచ్చు. అందుకే ట్రాకుల మధ్య దూరం 0.74 మైక్రాన్ల నుంచి 0.32కి తగ్గింది. డిస్క్ సైజు అదే 12 సెంటీమీటర్లు, కెపాసిటీ మాత్రం లేయర్‌కు 4.7 జీబీ నుంచి 25 జీబీకి పెరిగింది. తోషిబా హెచ్‌డీ డీవీడీది లేయర్‌కు 15 జీబీ. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే వైపు వెళ్లిపోయింది, ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. ఆ పోటీ మన దగ్గర చాలామందికి తెలియనే తెలియదు.

ఎందుకంటే ఆ టైమ్‌లో మన ఇళ్లల్లో ఇంకా డబ్బా టీవీలే. 352x288 రిజల్యూషన్ వీసీడీలే నడుస్తున్నయి, సినిమాకు రెండు మూడు డిస్కులు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు ఇచ్చింది. అంత చవకగా సినిమా దొరికేటప్పుడు, టీవీలో తేడా కూడా కనిపించని బ్లూ-రేకు వందలకు వందలు ఎవరు పెడతారు? తర్వాత 2016లో 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే వచ్చింది. 100 జీబీ దాకా డిస్క్, ఫార్మాట్‌గా చూస్తే అదిరిపోయే స్పెక్స్. అదే ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చింది. ఇంకేముంది! మనం వీసీడీ నుంచి నేరుగా ఫోన్ స్క్రీన్ మీదికి దూకేశాం. కరీంనగర్‌లో సీడీలు అద్దెకిచ్చిన షాపులు ఇప్పుడు టెంపర్డ్ గ్లాసులు అమ్ముతున్నయి.

దీనివల్ల పోయిందేంటంటే, సౌండ్. 'బలగం' తీసుకోండి. సిరిసిల్ల దిక్కు పల్లెలో తీసిన సినిమా, 2023 మార్చి 3న థియేటర్లలో, మార్చి 24న ఓటీటీలో వచ్చింది. ఊళ్లల్ల తెరలు కట్టి మరీ చూశారు. దానికి ప్రాణం చివర్లో వచ్చే బుడగ జంగాల పాట. స్ట్రీమింగ్‌లో సాధారణంగా వచ్చేది కుదించిన డాల్బీ డిజిటల్ ప్లస్. అట్మాస్ ఉన్నా నెట్‌ఫ్లిక్స్ ఇచ్చేది గరిష్ఠంగా 768 కేబీపీఎస్. బ్లూ-రేలో డాల్బీ ట్రూహెచ్‌డీ లేదా డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ఉంటే స్టూడియోలో మిక్స్ చేసిన సౌండ్ ఏమాత్రం తగ్గకుండా వస్తది. ఆ గొంతులోని జీర అట్లనే వినాలని నాకైతే ఉంటది. పైగా ఓటీటీ సినిమా మన సొత్తు కాదు, లైసెన్స్ అయిపోతే యాప్‌లోంచి మాయమైపోతది.

సరే, మరి కొనాలా? కేవలం తెలుగు సినిమాల కోసం ప్లేయర్ కొనమని నేను చెప్పను. శాంసంగ్ 2019లోనే కొత్త 4కె ప్లేయర్లు ఆపేసింది, అంతకు ముందే ఒప్పో వెళ్లిపోయింది. కానీ పీఎస్5 ఎలాగూ కొంటుంటే మాత్రం డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, 4కె బ్లూ-రే కూడా ఆడుతుంది. పీఎస్4 మామూలు బ్లూ-రే వరకే. పీసీలో చూద్దామనుకుంటే జాగ్రత్త. 4కె డిస్క్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సిన ఎస్‌జీఎక్స్ ఫీచర్‌ను ఇంటెల్ 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి తీసేసింది.

జపాన్ డిస్క్ తెప్పించుకునే ముందు ఇంకోటి చూడాలి. మామూలు బ్లూ-రేకు రీజియన్ కోడ్ ఉంటది. జపాన్ ఏ, మనది సీ. డిస్క్‌కు రీజియన్ లాక్ ఉంటే మన దగ్గర కొన్న ప్లేయర్‌లో పెట్టినా ఆడదు. 4కె డిస్కులకు ఈ గొడవ లేదు. కవర్ వెనక ఆరు మూలల చిన్న గుర్తులో ఏ అక్షరం ఉందో చూసి, అప్పుడు ఆర్డర్ పెట్టండి.