చెక్‌పోస్టులు దాటి వచ్చే ఫైలు

"పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ నింపానండీ. పట్టా స్కాన్ కూడా జతచేశాను. సబ్మిట్ కొడితే మళ్లీ 'పేరు రాయండి' అంటోంది."

మేం తయారుచేసిన ఒక దరఖాస్తు సైట్ గురించి వచ్చిన ఫిర్యాదు ఇది. రెండు రోజులు పేరు గడి చుట్టూనే తిరిగాం. తప్పు అక్కడ లేదు, పట్టాలో ఉంది. ఆ ఫైలు 11 ఎంబీ. మేం వాడిన పీహెచ్‌పీ భాషలో ఒక్కో ఫైలుకు మామూలుగా ఉండే 2 ఎంబీ హద్దును మేం 20కి పెంచాం గానీ, మొత్తం ఫారానికి వేరే ఉన్న 8 ఎంబీ హద్దును ముట్టుకోలేదు. అది దాటితే ఫైలొక్కటే ఆగదు, పేరుతో సహా ఫారమంతా పోతుంది. మా ప్రోగ్రాం చేతికి ఖాళీ కాగితం అందింది.

వెబ్ ఫారం ఫైలును మోయడం నేర్చింది 1995లో. జిరాక్స్ సంస్థకు చెందిన ఎర్నెస్టో నెబెల్, లారీ మాసింటర్ ఆ నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1867 పత్రం వెలువరించారు. అప్పటి పద్ధతిలో ఫొటో లాంటిది పంపితే చాలా బైట్లు ఒక్కోటీ మూడేసి అక్షరాలై బరువు పెరిగేది. అందుకని వాళ్లు ఈమెయిల్ అటాచ్‌మెంట్ల ఉపాయాన్నే తెచ్చుకున్నారు: గడికీ గడికీ మధ్య ఒక గుర్తు గీత, ఫైలు బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా. ఆ పత్రంలోని ఉదాహరణలో గీత 'ఏఏబీ03ఎక్స్'. బ్రౌజర్లు నేటికీ ఇలాంటి గీతలే గీస్తున్నాయి.

అయితే సరుకంతా ఒకే లోడులో వెళ్లాలి. దారి పొడవునా చెక్‌పోస్టులు. రష్యన్ ఇంజనీరు ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్ సర్వర్, మనం మార్చకపోతే 1 ఎంబీకే ఆపి 413 అనే ఎర్రర్ పంపుతుంది. ఆ జవాబును బ్రౌజర్లు సరిగా చూపలేవని దాని మాన్యువల్లోనే ఉంది! హద్దులు ఉండాల్సిందే, లేకపోతే ఎవరైనా డిస్కు నింపేస్తారు. కానీ ఎందుకు ఆగిందో మనిషికి చెప్పకపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

ఎక్కడ ఆగిందన్నదే పెద్ద ఆధారం. పంపగానే తిరస్కరిస్తే బరువు హద్దు. అప్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీ 100 శాతానికి చేరి, సరిగ్గా నిమిషం తర్వాత 504 ఎర్రర్ వస్తే వేరే కథ. ఎంజిన్‌ఎక్స్ మామూలుగా ఫైలంతా తన దగ్గర దించుకున్నాకే వెనక ప్రోగ్రాంకు అందిస్తుంది, 60 సెకన్లు అది పలక్కపోతే వదిలేస్తుంది. 2 జీబీ దగ్గరే తెగుతుంటే ఎక్కడో పాత 32 బిట్ల లెక్క ఉందేమో చూడాలి. అది 2,14,74,83,647 దాటి లెక్కపెట్టలేదు.

హద్దులు పెంచుకుంటూ పోవడం కన్నా లోడును విడగొట్టడం మేలు. 2013లో మొదలైన టస్ ప్రోటోకాల్‌లో, లైను తెగితే బ్రౌజర్ ముందుగా 'నీకు ఎన్ని బైట్లు చేరాయి?' అని సర్వర్‌ను అడుగుతుంది, అక్కడి నుంచే అందుకుంటుంది.

మేమూ అదే పెట్టాం, 1 ఎంబీ ముక్కలుగా. అదే పట్టా ఫైలు పంపుతుండగా మధ్యలో రూటర్ ప్లగ్గు పీకాను. మళ్లీ పెట్టి లాగ్ చూశాను. బ్రౌజర్ అడిగింది, సర్వర్ 62,91,456 అంది. ఏడో ముక్క కదిలింది.