ఫలితాల రోజు వెబ్‌సైట్ ఎందుకు పడిపోతుంది? లోపల ఏం చేస్తారు?

ఇంటర్ ఫలితాలు విడుదలయ్యాయని వార్త వస్తుంది. హాల్ టికెట్ నంబర్ కొడితే తెల్లటి స్క్రీన్, దానిపై ‘503’. ఇంట్లో అందరి ఫోన్లలోనూ అదే పరిస్థితి. అసలు లోపల ఏం జరుగుతోంది?

ఆ అంకెలకు అర్థమేంటి?

503 అంటే సర్వర్ ప్రస్తుతానికి సేవ అందించలేకపోతోందని. 502 అంటే ముందున్న సర్వర్‌కు వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని. 504 అంటే గడువులోగా జవాబే రాలేదని. సమస్య సర్వర్ల వైపే ఉంది, మీ ఫోన్‌లో కాదు.

ఎందుకు పడిపోతుంది?

ఏ సర్వర్‌కైనా ఒక పరిమితి ఉంటుంది. ఉదాహరణకు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఒకేసారి 151 కనెక్షన్లనే అనుమతిస్తుంది. ఆ సంఖ్య పెంచుకోకపోతే మిగతావన్నీ వెనక్కే. మెమరీ పూర్తిగా నిండితే లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను తానే ఆపేస్తుంది. ఎక్కువ మెమరీ వాడుతున్నదే సాధారణంగా బలవుతుంది. అది డేటాబేసే అయితే సైట్ మొత్తం ఆగినట్టే. లాగ్ ఫైళ్లు పెరిగి డిస్క్ నిండినా ఇబ్బందే.

రీస్టార్ట్ చేస్తే సరిపోదా?

సైట్ లేస్తుంది. కానీ కారణం అలాగే ఉంటే మళ్లీ పడుతుంది. పైగా మెమరీలోని ఆధారాలు చెరిగిపోతాయి. అందుకే అనుభవమున్న ఇంజినీర్లు ముందుగా లాగ్‌లు, మెమరీ, డిస్క్, డేటాబేస్ కనెక్షన్ల వివరాలు భద్రపరుస్తారు. చివరిగా ఏం మార్చారో చూస్తారు. కొత్త కోడే కారణమైతే పాతదాన్ని తిరిగి పెడతారు. సర్వర్లు చాలా ఉంటే ఒకదాన్ని పక్కకు తీసి పరీక్షిస్తారు. జనం వాడుతున్న మెషీన్‌పై ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. అందుకే ఒక్కొక్కటిగానే చేస్తారు.

మీరేం చేయాలి?

పదేపదే రిఫ్రెష్ చేయొద్దు. నొక్కిన ప్రతిసారీ సర్వర్‌పై మరో అభ్యర్థన పడుతుంది. కొన్ని నిమిషాలు ఆగండి. ఏపీ ఇంటర్ విద్యార్థులైతే ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలోనూ ప్రయత్నించవచ్చు.

యూపీఐతో ఫీజు కడుతుండగా సైట్ ఆగి, డబ్బు కట్ అయినా రసీదు రాలేదా? వెంటనే రెండోసారి కట్టొద్దు. లావాదేవీ నంబర్ రాసి పెట్టుకోండి. ఆర్‌బీఐ 2019 నిబంధనల ప్రకారం, చెల్లింపు అందినట్టు అవతలివారికి నిర్ధారణ రాకపోతే లావాదేవీ తర్వాత 5 రోజుల్లోగా డబ్బు మీ ఖాతాకు తిరిగి రావాలి. అది దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. రాకపోతే ఆ నంబర్‌తో బ్యాంకుకు ఫిర్యాదు చేయండి.