గడ్డం మీద వెంట్రుకలు – ఎప్పటి నుంచి?



గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలు వస్తే మన స్త్రీలు పసుపు రాస్తారు, దారంతో తీయించుకుంటారు, పెళ్ళిచూపుల ముందు రోజు బ్యూటీ పార్లరుకు వెళతారు. డాక్టరు దగ్గరకు మాత్రం రారు. వచ్చినా నెలసరి సరిగా లేదంటారు గాని, సిగ్గుతో ఈ మాట చెప్పరు. ఇది శాపం కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు. ఎక్కువమందిలో ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు పెరగడం వల్ల ఇలా జరుగుతుంది. వీటిని పురుష హార్మోన్లు అంటాం గాని, ప్రతి స్త్రీలోనూ కొద్దిగా ఉంటాయి. అండాశయాలు, మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు వీటిని తయారుచేస్తాయి.

కారణం కనుక్కోవడానికి ఏ రక్తపరీక్షకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఎప్పటి నుంచి?

15, 16 ఏళ్ళకు మొదలై, ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతూ, నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంటే చాలావరకు అది పి.సి.ఓ.ఎస్. దీనినే జనం 'నీటి బుడగలు' అంటారు. స్కానింగులో బుడగలు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. రజస్వల అయిన 8 ఏళ్ళ లోపు అమ్మాయిలకు స్కానింగు చూసి ఈ పేరు పెట్టకూడదు. జబ్బు ఉందని తేలితే మాత్రం షుగరు పరీక్ష తప్పనిసరి.

అలా కాక కొద్ది నెలల్లోనే గడ్డం వచ్చి, గొంతు మగగొంతులా మారి, నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే ఆలస్యం చేయరాదు. అండాశయంలో గాని, అడ్రినల్ గ్రంథిలో గాని కణితి ఉండవచ్చు. ఇది అరుదే, కాని ప్రాణం మీదికి తేగలదు. స్త్రీల రక్తంలో టెస్టోస్టిరాన్ సాధారణంగా డెసిలీటరుకు 70 నానోగ్రాములకు మించదు. 150 దాటితే కణితి కోసం వెదకాలి. ముట్లుడిగాక కొత్తగా గడ్డం వచ్చినా అంతే. "ఈ వయసులో ఇంకెందుకులే" అనే అమ్మమ్మలను కూడా తీసుకురండి.

మన ప్రాంతంలో తప్పక అడగవలసింది మరొకటి: మీ తల్లిదండ్రులది మేనరికమా? అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో ఒక ఎంజైము తక్కువగా ఉండే జబ్బు ఉంది. లోపమున్న జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా వస్తేనే ఇది కలుగుతుంది. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. పైకి చూస్తే అచ్చం పి.సి.ఓ.ఎస్. లాగే ఉంటుంది. 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే రక్తపరీక్షతో వేరు చేయవచ్చు. పిల్లల కోసం ప్రయత్నించే ముందే ఇది తెలియాలి, ఎందుకంటే భర్తకూ పరీక్ష అవసరం కావచ్చు.

ఇక, తెల్లబడతామని మందుల షాపులో అడిగి కొనే స్టీరాయిడ్ క్రీముల సంగతి. వాటివల్ల హార్మోన్లు మామూలుగా ఉన్నా ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. పాపం, ఆ వెంట్రుకలకు మళ్ళీ ఇంకో క్రీము కొంటారు!

రక్తపరీక్షకు నెలసరి వచ్చిన 2వ రోజు నుంచి 5వ రోజు లోపు, ఉదయం 8 గంటలకల్లా రండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఫలితం తక్కువగా చూపుతుంది. కనుక ముందే చెప్పండి, సొంతంగా ఆపవద్దు. వాడే మందులన్నీ, ఆ క్రీము ట్యూబుతో సహా, సంచిలో వేసుకుని తీసుకురండి. వచ్చే ముందు మాత్రం వెంట్రుకలు తీయించుకోకండి, డాక్టరు చూడాలి.